నెలసరి మొటిమలు – మూడో పాఠం: రాత్రి పూత

పీరియడ్స్ మొదలైన రోజుకు ఎర్ర చుక్క, కొత్త మొటిమ కనిపించిన రోజుకు నల్ల చుక్క. పోయిన పాఠంలో క్యాలెండర్ మీద పెట్టమన్నవి ఇవే. రెండు నెలలు పెట్టినవాళ్లు ఇప్పుడది ముందేసుకోండి. నల్ల చుక్కలు ఎర్ర చుక్కకు ముందు వారం, పది రోజుల్లోనే గుంపు కట్టాయా? మొటిమలు ఎక్కువగా గడ్డం మీదా, దవడ అంచునా వస్తున్నాయా? అయితే ఈ పాఠం మీకే.

నెలసరి దగ్గరపడేసరికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ రెండూ పడిపోతాయి. ఆడవాళ్ల ఒంట్లోనూ కొద్దిగా ఉండే మగ హార్మోన్లది అప్పుడు పైచేయి అవుతుంది. వాటి వల్లే చర్మానికి జిడ్డు పడుతుంది. కానీ మొటిమ కనిపించిన రోజున పుట్టింది కాదు. చర్మరంధ్రం పూడుకోవడం కొన్ని వారాల ముందే మొదలైపోతుంది. అందుకే పైకి లేచిన మొటిమ మీద మాత్రమే మందు పెడితే ఆ ఒక్కటీ తగ్గొచ్చు, వచ్చే నెలవి ఆగవు. పూత నెల పొడుగునా, మొటిమలు వచ్చే చోటంతా ఉండాలి.

ఆ పూత అడాపలిన్ 0.1 శాతం జెల్, చర్మరంధ్రాలు పూడుకోకుండా చూసే మందు. చర్మ డాక్టరును ఒకసారి అడిగి మొదలుపెట్టండి. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు దీని జోలికి పోవద్దు.

రాత్రి ముఖం కడిగి, తువ్వాలుతో అద్ది, పావుగంట ఆగండి. తడి చర్మం మీద రాస్తే మంట ఎక్కువ. బఠాణీ గింజంత జెల్ వేలి కొస మీదకు తీసుకుని నుదురు, ముక్కు, రెండు బుగ్గలు, గడ్డం మీద అయిదు చుక్కలు పెట్టి పల్చగా పరచండి. ముఖమంతటికీ అంతే. కళ్ల చుట్టూ, పెదవుల మూలల్లో, ముక్కు పక్క మడతల్లో వద్దు. మొదటి రెండు వారాలు రాత్రి విడిచి రాత్రి చాలు. పొట్టు లేస్తే ముందు మాయిశ్చరైజర్, దాని మీద జెల్. పగలు సన్‌స్క్రీన్ తప్పదు.

మొదట్లో మొటిమలు పెరిగినట్టు కూడా అనిపించొచ్చు. టెన్షన్ పడి మానేయకండి. కనీసం పన్నెండు వారాలు, అంటే దాదాపు మూడు నెలసరులు చూడాలి.

ఇక క్యాలెండర్‌తో పని. పీరియడ్స్ ఇంకో పది రోజులుందనగా, పొద్దుటిపూట గడ్డం, దవడల మీద మొటిమల క్రిములను చంపే బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్ కూడా రాసుకోండి. ఇది బట్టల రంగు తినేస్తుంది. నా మెరూన్ తువ్వాలు మీద నారింజ మరకలు ఇంకా పోలేదు. తెల్ల తువ్వాలు వాడండి.

పక్కింటావిడ ఇచ్చిన తెల్లబడే క్రీము మాత్రం పక్కన పెట్టేయండి. ట్యూబు వెనక బీటామెథాసోన్, క్లోబెటసోల్, మొమెటాసోన్ లాంటి పేరుంటే అది స్టెరాయిడ్. రెండు రోజులు నునుపు చూపించి తర్వాత మొటిమలు తనే తెప్పిస్తుంది.

ఎర్ర చుక్కల మధ్య ప్రతిసారీ 35 రోజులు దాటుతున్నా, పైపెదవి మీద, గడ్డం మీద వెంట్రుకలు ముదురుతున్నా గైనకాలజిస్టుకు చూపించుకోండి. హార్మోన్ మాత్రలు ఎవరికి వాళ్లు కొనుక్కునేవి కావు.

ఈసారి అభ్యాసం: జెల్ రాసిన ప్రతి రాత్రికీ క్యాలెండర్‌లో ఒక టిక్కు. ఒక రాత్రి మర్చిపోతే మర్నాడు రెట్టింపు రాయకండి, ఆ గడి ఖాళీగా వదిలేయండి.