కంటెంట్ షీట్ దారి తప్పితే: లక్షణం, కారణం, పరిష్కారం

తెలుగు వంటల యూట్యూబ్ ఛానల్ ఒకటి, దాన్ని నడిపేది ముగ్గురు, ముగ్గురికీ కలిపి ఒకే గూగుల్ షీట్ అనుకుందాం. ఏడు కాలమ్‌లు చాలు: ఎ వంట పేరు, బి రకం (పెద్ద వీడియోనా, షార్టా), సి విడుదల తేదీ, డి ఎవరి పని, ఇ స్థితి, ఎఫ్ లింకు, జి మొదటి 7 రోజుల వ్యూస్. ఒక్కో వీడియోకి ఒక్కో వరుస. ఇంత చిన్న షీట్ కూడా నెల తిరిగేసరికి తప్పులు చూపించడం మొదలుపెడుతుంది. ఎక్కువగా ఎదురయ్యేవి ఇవి.

తేదీల వారీగా సార్ట్ చేస్తే అంతా కలగాపులగం

సెప్టెంబర్ 5న రావాల్సిన వీడియో మే నెలలో కనిపిస్తుంది. 25/09/2025 అని రాసింది అట్టడుగుకు పోతుంది.

షీట్ లొకేల్ (తేదీలని ఏ దేశపు పద్ధతిలో చదవాలో చెప్పే సెట్టింగ్) యునైటెడ్ స్టేట్స్‌లో ఉండటమే దీనికి కారణం. అక్కడ నెల ముందు, రోజు తర్వాత. కాబట్టి 05/09/2025ని షీట్ మే 9గా తీసుకుంటుంది. 25వ నెల లేదు కనుక 25/09/2025ని తేదీగానే గుర్తించదు, మామూలు అక్షరాలుగా ఉంచేస్తుంది. అలైన్‌మెంట్ మార్చకపోతే చూడగానే తెలిసిపోతుంది: నిజమైన తేదీ గడిలో కుడి అంచుకి, అక్షరాలు ఎడమ అంచుకి చేరతాయి.

ఫైల్ మెనూలో సెట్టింగ్స్ తెరిచి లొకేల్‌ని ఇండియాకి మార్చండి. టైమ్ జోన్ కూడా అక్కడే ఉంటుంది, దాన్నీ ఇండియాకి పెట్టండి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కానీ లొకేల్ మార్పు ఇకమీదట రాసే తేదీలకే పనికొస్తుంది, పాత తప్పుల్ని సరిచేయదు. పాతవాటిలో రెండు రకాలున్నాయి, రెండింటికీ వైద్యం వేరు. 13 నుంచి 31 వరకు ఉన్న రోజులు అక్షరాలుగా మిగిలాయి, వాటిని డేట్‌వాల్యూ ఫంక్షన్‌తో తేదీలుగా మార్చాలి. 1 నుంచి 12 వరకు ఉన్న రోజులు తేదీలుగానే ఉన్నాయి గానీ రోజూ నెలా తారుమారయ్యాయి. వీటికి డేట్ ఫంక్షన్‌లో ఏడాదిని అలాగే ఉంచి, నెల చోట డే విలువ, రోజు చోట మంత్ విలువ ఇవ్వాలి. ఏ గడి ఏ రకమో ఈజ్‌టెక్స్ట్ ఫంక్షన్ చెబుతుంది. ఇదంతా పక్కన ఖాళీ కాలమ్‌లో చేసి, సరిచూసుకున్నాకే వాల్యూస్ ఓన్లీ పద్ధతిలో (ఫార్ములా కాక విలువ మాత్రమే) అసలు కాలమ్‌లోకి పేస్ట్ చేయండి. కొత్తగా రాసేటప్పుడు నెలని అంకెతో కాక ఇంగ్లిష్ పేరుతో రాస్తే ఈ గందరగోళానికి తావే ఉండదు.

పండుగ వీడియో పండుగ అయ్యాక వస్తోంది

ఈ నష్టం అన్నిటికన్నా పెద్దది. ఉగాది పచ్చడి వీడియో ఉగాది మర్నాడు వస్తే దాన్ని మళ్లీ ఏడాది దాకా ఎవరూ వెతకరు.

మామూలుగా జరిగేది ఏమిటంటే, కిందటేడు షీట్‌ని కాపీ చేసి ఏడాది అంకె మాత్రం మారుస్తారు. సంక్రాంతి సూర్యమానం పండుగ కాబట్టి ఒకటి రెండు రోజుల తేడాతో సరిపోతుంది. ఉగాది, వినాయక చవితి, దసరా, దీపావళి చాంద్రమానం పండుగలు. 2025లో ఉగాది మార్చి 30, 2026లో మార్చి 19: పదకొండు రోజులు ముందుకొచ్చింది. అదే వినాయక చవితి 2025లో ఆగస్టు 27 అయితే 2026లో సెప్టెంబర్ 14, అంటే పద్దెనిమిది రోజులు వెనక్కి జరిగింది. మధ్యలో అధిక జ్యేష్ఠం అనే అదనపు నెల రావడమే ఇందుకు కారణం. ఒకే ఏడాదిలో ఒక పండుగ ముందుకీ ఇంకోటి వెనక్కీ జరిగినప్పుడు అన్నిటికీ ఒకే లెక్క వేస్తే కుదరదు.

'పండుగలు' అని వేరే ట్యాబ్ తెరవండి. అందులో పండుగ పేరు, ఆ ఏటి పంచాంగం ప్రకారం తేదీ, అంతే. విడుదల తేదీని చేత్తో రాయకుండా వీలుకప్‌తో (పేరుని బట్టి పక్క విలువని వెతికి తెచ్చే ఫంక్షన్) ఆ ట్యాబ్ నుంచి తెచ్చి 10 రోజులు తీసేయండి. ఎడిటింగ్ ముగియడానికి 13, షూటింగ్‌కి 17, సరుకులకి 20 రోజులు తీసేసే కాలమ్‌లు పండుగ వీడియోలకే పక్కన పెట్టుకుంటే చాలు. ఏటా ఆ ట్యాబ్‌లో తేదీలు మారిస్తే మిగతావన్నీ వాటంతట అవే కదులుతాయి.

షీట్ చెప్పలేనిది ఒకటుంది: ఉగాదికి ఇరవై రోజుల ముందు వేపపువ్వు దొరక్కపోవచ్చు. కిందటేడు ఎండబెట్టి దాచిందైనా ఉండాలి, లేదా కిందటేడే తీసిన షాట్లయినా ఉండాలి. కొత్త ఆవకాయ వీడియోకీ ఇదే చిక్కు. ఇలాంటి వరుసల్లో 'సరుకు దొరికే నెల' అని నోట్ పెట్టుకోవడం తప్పనిసరి.

'షూటింగ్'లో ఆరున్నాయి, కౌంట్‌ఇఫ్ నాలుగే అంటోంది

కౌంట్‌ఇఫ్ అంటే ఇచ్చిన మాట ఎన్ని గడుల్లో ఉందో లెక్కపెట్టే ఫంక్షన్. స్థితిని ఎవరికి తోచినట్టు వాళ్లు టైప్ చేయడం వల్ల ఇలా అవుతుంది. ఒకరు 'షూటింగ్' అంటారు, ఒకరు 'షూట్' అంటారు, ఇంకొకరు చివర స్పేస్ వదిలేస్తారు. ఇవి కళ్లకి దొరుకుతాయి లేదా అదనపు స్పేస్‌లు తీసే ట్రిమ్ ఫంక్షన్‌కి దొరుకుతాయి. తెలుగులో దొరకనిది ఇంకోటి ఉంది. కొన్ని కీబోర్డులు పొల్లుతో ముగిసే మాట చివర జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని గుర్తుని చేరుస్తాయి. చూడటానికి రెండు మాటలూ అచ్చం ఒకటే. లెన్ ఫంక్షన్‌తో కొలిస్తే మామూలు 'షూటింగ్'కి 7 వస్తుంది, ఆ గుర్తు చేరినదానికి 8 వస్తుంది. ట్రిమ్ దాన్ని తీయదు. సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్‌లో యూనికార్ 8204ని (ఆ గుర్తు సంఖ్య ఇదే) ఖాళీతో మార్చాలి.

శాశ్వతమైన దారి డ్రాప్‌డౌన్. డేటా మెనూలో డేటా వ్యాలిడేషన్‌కి వెళ్లి ఐదే మాటలు ఇవ్వండి: ఆలోచన, షూటింగ్, ఎడిటింగ్, సిద్ధం, విడుదల. జాబితాలో లేనిది రాస్తే తిరస్కరించే ఆప్షన్ ఎంచుకోండి. అప్పటికే ఉన్న తప్పు మాటల గడుల మూలన ఎర్ర గుర్తు పడుతుంది, వాటిని ఒక్కొక్కటీ మార్చేయండి. వేరే చోటి నుంచి తెచ్చి మామూలుగా పేస్ట్ చేస్తే డ్రాప్‌డౌన్ చెరిగిపోవచ్చు, అందుకని విలువ మాత్రమే పేస్ట్ అయ్యేలా కంట్రోల్, షిఫ్ట్, వి కలిపి నొక్కండి.

గడువు దాటినవే కాదు, ఖాళీ వరుసలూ ఎర్రబడుతున్నాయి

కండిషనల్ ఫార్మాటింగ్‌లో (షరతుని బట్టి గడి రంగు మార్చే సదుపాయం) 'తేదీ ఈరోజు కన్నా తక్కువ' అని ఒక్క షరతే పెట్టారన్నమాట. ఖాళీ గడిని షీట్ సున్నాగా లెక్కిస్తుంది, సున్నా ఎప్పుడూ ఈరోజు కన్నా తక్కువే. అక్కడి కస్టమ్ ఫార్ములాలో యాండ్ ఫంక్షన్‌తో మూడు షరతులూ కలపండి: తేదీ ఖాళీగా ఉండకూడదు, టుడే కన్నా తక్కువ ఉండాలి, స్థితి 'విడుదల' కాకూడదు. వరుస మొత్తం రంగు మారాలంటే కాలమ్ అక్షరం ముందు డాలర్ గుర్తు ఉండాలి.

ఒకే వంట రెండుసార్లు షూట్ అయింది

గోంగూర పచ్చడి ఒక వరుసలో, పుంటికూర పచ్చడి ఇంకో వరుసలో. ఆకు ఒకటే, పేరు ప్రాంతాన్ని బట్టి మారింది. సొరకాయ, ఆనపకాయ కూడా అంతే. డూప్లికేట్లు వెతికే ఫార్ములా అక్షరాలనే చూస్తుంది, కూరని చూడదు. ఎ కాలమ్‌లో ఎప్పుడూ ఒకే పేరు వాడాలని ముగ్గురూ ఒప్పుకోండి. మిగతా పేర్లు 'ఇతర పేర్లు' కాలమ్‌లో వేయండి. టైటిల్, డిస్క్రిప్షన్ రాసేటప్పుడు ఆ కాలమ్ చాలా విలువైనది, ఎందుకంటే వెతికేవాళ్లు తమ ఊరి పేరుతోనే వెతుకుతారు.

ఏ వీడియో బాగా ఆడిందో జి కాలమ్ చెప్పలేకపోతోంది

రెండు నెలల నాటి వీడియో వ్యూస్‌నీ మూడు రోజుల నాటి వీడియో వ్యూస్‌నీ పక్కపక్కన పెడితే పాతదే గెలుస్తుంది. యూట్యూబ్ స్టూడియోలో తేదీల పరిధిని మొదటి 7 రోజులకి కుదించి, ఆ అంకెని ఒక్కసారి రాసి వదిలేయండి, మళ్లీ మార్చకండి. అంకెలు అందడానికి కొంత ఆలస్యం అవుతుంది కాబట్టి విడుదలైన పదో రోజున రాస్తే నయం.

షార్ట్‌లని పెద్ద వీడియోలతో పోల్చకండి, బి కాలమ్ ఉన్నది అందుకే. షార్ట్‌లలోనూ ఇంకో గీత గీయాలి. 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైనా, మళ్లీ ఆడినా వ్యూగా లెక్కిస్తున్నారు, ఇంతసేపు చూడాలన్న షరతు లేదు. ఆ తేదీకి ముందువాటితో పోల్చాలంటే అనలిటిక్స్‌లో ఎంగేజ్డ్ వ్యూస్ (పాత పద్ధతిలో లెక్కించిన వ్యూస్) అంకెని తీసుకోవాలి.