టైప్ 1 షుగర్ బాధ్యత నీ చేతుల్లోకి తీసుకోవడం ఎలా

చిన్నప్పటి నుంచి టైప్ 1 షుగర్ ఉండి, ఇన్నాళ్లూ డోసులు, టెస్టులు, డాక్టర్ అపాయింట్‌మెంట్లు అన్నీ ఇంట్లోవాళ్లే చూసుకుంటే, ఇక నుంచి అవన్నీ నువ్వే చూసుకోవాలంటే టెన్షన్ రావడం సహజం. తీపి ఎక్కువ తినడం వల్ల వచ్చిన జబ్బు కాదిది. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే పాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే కణాలను దెబ్బతీసింది, అందులో నీ తప్పేమీ లేదు. ఇన్సులిన్ మానేసి ఇంకేదో తాగితే తగ్గిపోతుందని ఎవరు చెప్పినా, ఎంత దగ్గరివాళ్లయినా సరే, వినకు.

అన్నీ ఒకేసారి నెత్తిన వేసుకోకు. ముందు టెస్టు చేసుకుని రాసి పెట్టుకోవడం, అది అలవాటయ్యాక డోసు లెక్క నువ్వు వేసి ఇంట్లోవాళ్లకు చూపించడం, ఆ తర్వాత మందులు అయిపోకముందే తెప్పించుకోవడం. టెస్టుకు ముందు చేతులు సబ్బుతో కడిగి తుడుచుకో, ఎందుకంటే వేలికి కాస్త పండ్ల రసం అంటుకుని ఉన్నా మీటర్ రక్తంలో లేని షుగర్‌ని ఉన్నట్టు చూపిస్తుంది, దాన్ని నమ్మి ఎక్కువ ఇన్సులిన్ వేసుకుంటే ప్రమాదం. ఇన్సులిన్ పెన్‌తో వేసుకున్నాక బటన్ నొక్కి పట్టుకుని పది లెక్కపెట్టి అప్పుడు సూది తీయి. రోజూ ఒకే చోట పొడిస్తే అక్కడ గడ్డ కట్టి మందు సరిగా ఎక్కదు, చోటు మారుస్తూ ఉండు.

అన్నిటికంటే బాగా నేర్చుకోవాల్సింది షుగర్ పడిపోయినప్పుడు ఏం చేయాలో. చేతులు వణకడం, చెమటలు, గుండె దడ, ఉన్నట్టుండి చిరాకు దాని లక్షణాలు. మీటర్‌లో 70 కంటే తక్కువ ఉంటే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకో (గ్లూకోజ్ మాత్రలైనా సరే, అరకప్పు పండ్ల రసమైనా సరే), 15 నిమిషాలు ఆగి మళ్లీ టెస్టు చెయ్, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే. చాక్లెట్ పనికిరాదు, అందులోని కొవ్వు వల్ల షుగర్ నెమ్మదిగా ఎక్కుతుంది. గ్లూకోజ్ బ్యాగులో ఒకటి, మంచం పక్కన ఒకటి ఎప్పుడూ ఉండాలి.

నీకు షుగర్ ఉందని స్నేహితుల్లో కనీసం ఇద్దరికి చెప్పి ఉంచు. సిగ్గుపడి దాచుకోవడం నాకైతే అస్సలు నచ్చదు, ఎందుకంటే నువ్వు స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదని, పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్ పిలవాలని వాళ్లకు ముందే తెలియాలి కదా.

ఆటలు మానుకోవాల్సిన పనే లేదు. అమెరికన్ ఈతగాడు గ్యారీ హాల్ జూనియర్‌కి 1999లో టైప్ 1 అని తేలింది, మరుసటి ఏడాదే సిడ్నీ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల ఫ్రీస్టయిల్ స్వర్ణం గెలిచాడు, 2004లో ఏథెన్స్‌లో మళ్లీ గెలిచాడు. కాకపోతే బాగా ఆడిన రోజు షుగర్ కొన్ని గంటల తర్వాత, రాత్రి నిద్రలో కూడా పడిపోవచ్చు, కాబట్టి పడుకునే ముందు తప్పకుండా చూసుకో.

జ్వరం వచ్చి ఏమీ తినకపోయినా ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు. షుగర్ ఎక్కువగా ఉంటే కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒళ్లు కొవ్వును కరిగించినప్పుడు రక్తంలో, మూత్రంలో చేరే పదార్థాలు) చూసుకో, కీటోన్లు ఉండి వాంతులు కూడా అవుతుంటే ఆసుపత్రికి వెళ్లడమే.

మీటర్‌లో 250 కనిపిస్తే నిన్ను నువ్వు తిట్టుకోకు. సరిగ్గా తిని, సరిగ్గా డోసు వేసుకున్నా ఎదిగే వయసు హార్మోన్లు, నిద్రలేమి, పరీక్షల ఒత్తిడి షుగర్‌ని పెంచుతాయి. ఆ అంకె చూసి తర్వాత ఏం చేయాలో ఆలోచించు, చాలు. వారాల తరబడి టెస్టు చేసుకోవాలంటేనే విసుగొస్తుంటే ఆ మాట కూడా డాక్టర్‌కి చెప్పు, టైప్ 1 ఉన్న చాలామందికి ఏదో ఒక దశలో అలా అనిపిస్తుంది.

పిల్లల డాక్టర్ నుంచి పెద్దల డాక్టర్‌కి మారేటప్పుడు చాలామంది మధ్యలో నెలల తరబడి ఎవరికీ చూపించుకోకుండా ఉండిపోతారు. పాత డాక్టర్ దగ్గర చివరిసారి కూర్చున్నప్పుడే నీ డోసుల వివరాలు, పాత హెచ్‌బిఎ1సి (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) రిపోర్టులు తీసుకుని, కొత్త డాక్టర్ అపాయింట్‌మెంట్ తేదీ ఖాయం చేసుకున్నాకే బయటికి రా.