పరమాణువు లోపలికి – 5వ పాఠం: ఎలక్ట్రాన్ కేంద్రకంలో ఎందుకు పడిపోదు?

పోయిన పాఠం చివర ఒకే ప్రశ్న అడిగాను: ప్రోటాన్‌ది ధనావేశం, ఎలక్ట్రాన్‌ది రుణావేశం, రెండూ లాక్కుంటాయి, మరి హైడ్రోజన్ ఎందుకు కుప్పకూలదు? జవాబులు చాలావరకు ఒకే పాట: "గుండ్రంగా తిరుగుతోంది కాబట్టి అపకేంద్ర బలం ఆపుతోంది." సూర్యుడి చుట్టూ భూమి బొమ్మ గీసి పంపినవాళ్లూ ఉన్నారు. ఇవాళ తరంగ ప్రమేయం మొదలుపెట్టాల్సింది. అది వచ్చే పాఠానికి. ముందు ఈ బొమ్మ సంగతి తేలాలి.

గుండ్రంగా తిరగడమంటే క్షణక్షణం దిశ మారడం, అంటే త్వరణం. త్వరణంలో ఉన్న ఆవేశం విద్యుదయస్కాంత తరంగాలు వెదజల్లుతుంది. రేడియో యాంటెనా పనిచేసేది దానివల్లే. ఆ శక్తి ఎలక్ట్రాన్ దగ్గరనుంచే పోవాలి. పోయినకొద్దీ కక్ష్య కుంచించుకుపోతుంది, వేగం పెరుగుతుంది, వెదజల్లడం ఇంకా పెరుగుతుంది. పాత భౌతికశాస్త్రం ప్రకారం లెక్క కడితే హైడ్రోజన్ ఎలక్ట్రాన్ కేంద్రకంలో పడడానికి పట్టేది సుమారు 1.6 × 10⁻¹¹ సెకన్లు. అంటే పరమాణువుని నిలబెడుతుందని మీరు చెప్పిన కారణమే దాన్ని కూల్చేస్తోంది! "మరి భూమి పడట్లేదు కదా?" అంటారు. భూమి కూడా గురుత్వ తరంగాల రూపంలో శక్తి పోగొట్టుకుంటోంది. కాకపోతే అది సుమారు 200 వాట్లే, రెండు పాత ఫిలమెంటు బల్బులంత. ఆ లెక్కన భూమి పడేలోపు సూర్యుడే ఆరిపోతాడు.

ఇంకా మనసొప్పనివాళ్లకి అసలు దెబ్బ ఇది: హైడ్రోజన్ అత్యల్ప శక్తి స్థితిలో ఎలక్ట్రాన్ కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం సున్నా. తిరగడమే లేదు, ఇక అపకేంద్ర బలం ఎక్కడిది? బోర్ 1913లో దీనికి సున్నా కాని విలువ ఇచ్చాడు. శక్తి సరిగ్గా వచ్చింది, బొమ్మ తప్పింది. 1926లో ష్రోడింగర్ సమీకరణం దాన్ని సరిచేసింది. ఒకే స్థితిలో రెండు ఎలక్ట్రాన్లు ఉండలేవన్న పౌలీ నియమం రాసినవాళ్లకి ఒక్క మాట: హైడ్రోజన్‌లో ఉన్నది ఒక్కటే ఎలక్ట్రాన్. ఇరుగూపొరుగూ లేనిచోట పౌలీకి పనేముంది?

ఇప్పుడు అసలు కారణం. అనిశ్చితత్వ నియమం (చోటు ఎంత కచ్చితమైతే ద్రవ్యవేగం అంత అనిశ్చితం) 3వ పాఠంలో చేశాం, వివరంగా మళ్లీ చెప్పను. ఎలక్ట్రాన్‌ని ఇరుకు చోట బంధిస్తే దాని ద్రవ్యవేగం పెరిగి తీరుతుంది, దాంతో గతిజశక్తీ పెరుగుతుంది. నేను కూలుంబులు, కిలోగ్రాములు వాడను. పది ఘాతాల్లో మునిగి అసలు విషయం మరిచిపోతారు. దూరం ఆంగ్‌స్ట్రామ్‌లలో (ఒకటి అంటే 10⁻¹⁰ మీటర్లు), శక్తి ఎలక్ట్రాన్ వోల్టులలో (ఒకటి అంటే ఒక వోల్టు తేడా దాటిన ఎలక్ట్రాన్‌కి వచ్చే శక్తి) పెట్టుకుంటే అంతా ఒక్క వరుసలో సరిపోతుంది:

శక్తి = 3.81 ÷ దూరం² − 14.4 ÷ దూరం

దూరం అంటే ఎలక్ట్రాన్ సుమారుగా ఎంత మేర పరుచుకుందో అది. మొదటిది ఇరుకుకి కట్టే మూల్యం (ఎలక్ట్రాన్ బరువు పెరిగితే 3.81 ఆ మేరకు తగ్గుతుంది), రెండోది ఆకర్షణ ఇచ్చే లాభం (కేంద్రకం ఆవేశం పెరిగితే 14.4 ఆ మేరకు పెరుగుతుంది). దూరం 2 అయితే మొత్తం −6.25. 1 దగ్గర −10.59. 0.5 దగ్గర −13.56. ఇంకా నొక్కండి: 0.25 దగ్గర 60.96 − 57.6, అంటే +3.36. 0.1 దగ్గర ఏకంగా +237. దూరం సగమైతే లాభం రెండింతలు, మూల్యం నాలుగింతలు. అందుకే ఒక హద్దు దాటాక లోపలికి జరగడం గిట్టుబాటు కాదు. ఆ హద్దు 0.53 దగ్గర, −13.6 ఎలక్ట్రాన్ వోల్టులు. ఈ అంకెలు ఇంత ముచ్చటగా కుదరడానికి అనిశ్చితత్వంలో సగం గుణకం వదిలేశాను. అది వేస్తే హద్దు పక్కకి జరుగుతుంది, మాయం మాత్రం కాదు.

కేంద్రకమంత చోటుకి, అంటే 10⁻⁵ ఆంగ్‌స్ట్రామ్‌లకి కుదిస్తే ఎలక్ట్రాన్ దాదాపు కాంతివేగానికి చేరుతుంది, పై సూత్రం చెల్లదు. అక్కడ మూల్యం 1973 ÷ దూరం: సుమారు 19.7 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. ఆకర్షణ ఇచ్చేది 14.4 లక్షలు. బేరం అక్కడే ముగిసింది.

అలాగని ఎలక్ట్రాన్ కేంద్రకం గడప తొక్కదనుకోకండి. హైడ్రోజన్ అత్యల్ప స్థితిలో దాని సాంద్రత ఎక్కువగా ఉండేది సరిగ్గా కేంద్రకం దగ్గరే. అక్కడ ఇరుక్కుని ఉండిపోదు, అంతే. పొటాషియం-40లో కొన్నిసార్లు కేంద్రకం తన ఎలక్ట్రాన్‌నే మింగి ఆర్గాన్-40గా మారుతుంది. హైడ్రోజన్‌లో ఆ ముప్పు లేదు: ప్రోటాన్ ఎలక్ట్రాన్‌ని మింగి న్యూట్రాన్ అవ్వాలంటే ఇంకో 7.8 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు బయటినుంచి రావాలి.

అభ్యాసం ఒక్కటే, కాస్త గట్టిది. మ్యూయాన్ ఎలక్ట్రాన్‌కి 207 రెట్లు బరువు, ఆవేశం అదే. 3.81ని 207తో భాగించండి. మ్యూయాన్‌ని 82 ప్రోటాన్లున్న సీసం కేంద్రకం దగ్గర పెట్టండి, 14.4ని 82తో గుణించండి. కనిష్ఠ శక్తి వచ్చే దూరం కనుక్కుని, సీసం కేంద్రకం వ్యాసార్ధం సుమారు 7 × 10⁻⁵ ఆంగ్‌స్ట్రామ్‌లతో పోల్చండి. వచ్చిన జవాబు చూసి లెక్క తప్పిందని కొట్టేయకండి. 14.4 ÷ దూరం అన్న పదం కేంద్రకం గురించి ఏం ఊహించుకుందో, ఆ ఊహ ఇక్కడ ఎందుకు చెల్లదో నాలుగు వాక్యాల్లో రాయండి.