బండి ఒక్కసారిగా మిస్సింగ్ కొడుతోందా? గ్యారేజీకి నెట్టుకెళ్లే ముందు చూడాల్సినవి

నిన్న సాయంత్రం దాకా బాగా నడిచిన బైకు ఇవాళ పొద్దున మిస్సింగ్ కొడుతోందంటే, అంటే ఇంజన్ మధ్యమధ్యలో తడబడుతోందంటే, ఇంజన్ అరిగిపోయిందని కంగారు పడక్కర్లేదు. పిస్టన్, రింగులు, వాల్వులు అరగడానికి నెలలు పడుతుంది. మైలేజ్ మెల్లగా తగ్గుతుంది, సైలెన్సర్ నుంచి నీలం పొగ కొద్దికొద్దిగా మొదలవుతుంది, మనకు తెలుస్తూనే ఉంటుంది. రాత్రికి రాత్రి వచ్చిన తేడా అయితే చాలావరకు ఎక్కడో ఏదో మూసుకుపోయో, వదులై ఊడిపోయో, తడిసో వస్తుంది. అందుకని ఎవరైనా చూడగానే ‘బోర్‌కొచ్చింది (సిలిండర్ అరిగిపోయింది), ఇంజన్ దించాలి’ అంటే వెంటనే తలూపకండి.

పానా పట్టే ముందు ఒక్క సంగతి గుర్తు తెచ్చుకోండి. చివరిసారి బాగా నడిచాక ఏం మారింది? పెట్రోల్ కొట్టించారా? వాటర్ వాష్ చేయించారా? వానలో బయట పెట్టారా? సర్వీస్‌కిచ్చారా? కొత్త ట్యాంక్ కవర్ వేశారా? సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. ఇక్కడ చెప్పేవన్నీ మన ఊళ్లలో ఎక్కువగా తిరిగే 100 నుంచి 150 సీసీ బళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక కొత్త బళ్లు దాదాపు అన్నీ కార్బొరేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపే భాగం) వదిలి ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు (సెన్సర్ల లెక్కతో పెట్రోల్ చిమ్మే పద్ధతికి) మారాయి. వాటి సంగతి చివర్లో.

వాన తర్వాతో, వాటర్ వాష్ తర్వాతో మొదలైతే

మొదటి అనుమానం ప్లగ్ (ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే భాగం) మీదుండే క్యాప్ మీదే. ఇంజన్ చల్లారాక క్యాప్ లాగి లోపల చూడండి. తేమ ఉంటే పొడి గుడ్డతో తుడిచి, కాసేపు ఎండలో ఆరబెట్టి, గట్టిగా నొక్కి పెట్టండి. క్యాప్ రబ్బరు పగిలి ఉంటే ఆరబెట్టినా మళ్లీ వానకు అదే గొడవ, కొత్తది వేయించడమే మేలు. అనుమానం తీరకపోతే చీకట్లో ఇంజన్ స్టార్ట్ చేసి, చెయ్యి తగలనీయకుండా ప్లగ్ వైరు వైపు చూడండి. కరెంటు లీకవుతుంటే సన్నటి నీలం మెరుపు కనిపిస్తుంది.

క్యాప్ బాగానే ఉంటే పెట్రోల్‌లో నీళ్లు చేరాయేమో చూడాలి. చాలా బళ్లలో ట్యాంక్ మూత చుట్టూ పడిన వాన నీరు కిందికి పోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది. దుమ్ముతో అది పూడిపోతే నీళ్లు అక్కడే నిలిచి, మూత తెరవగానే ట్యాంక్‌లోకి జారతాయి. పెట్రోల్ బంకులో కొట్టించిన కాసేపటికే గొడవ మొదలైతే అక్కడి పెట్రోల్‌నూ అనుమానించొచ్చు.

కార్బొరేటర్ బండికి ఇది తేల్చుకోవడం తేలిక. కార్బొరేటర్ అడుగున గిన్నెలా ఉండే భాగానికి ఒక డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట, చుట్టుపక్కల నిప్పు లేకుండా చూసుకుని, స్క్రూ కాస్త వదులు చేసి కారినదాన్ని గాజు సీసాలో పట్టండి. సీసాను రెండు నిమిషాలు కదపకుండా ఉంచి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. అడుగున వేరే పొర గానీ గుండ్రటి బొట్లు గానీ కనిపిస్తే అనుమానం నిజమైనట్టే. ఇప్పుడు అమ్మే ఇ20 పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, అది నీటిని తనలో కలుపుకుంటుంది. కొద్దిపాటి తేమైతే కలిసిపోయి కంటికి కనపడదు. నీరు మరీ ఎక్కువైతే మాత్రం ఇథనాల్ కూడా నీటితో పాటు పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి చేరుతుంది, ఇంజన్‌కు వెళ్లే పైపు తాగేది ఆ అడుగుదాన్నే. అప్పుడు గిన్నె ఖాళీ చేస్తే సరిపోదు. ట్యాంక్ మొత్తం ఖాళీ చేయించి, కడిగించి, కొత్త పెట్రోల్ పోయాలి. తీసిన పెట్రోల్‌ను కొంచెం కొంచెంగా మళ్లీ కలిపి వాడేద్దామని చూడకండి.

బండి వరద నీటిలో సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ బాక్స్ దాకా మునిగి ఉంటే కిక్కూ వద్దు, సెల్ఫూ వద్దు. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తే నీళ్లు లోపలికి చేరినట్టే, ఆ బండిని ట్రాలీ మీద తీసుకెళ్లాల్సిందే.

కొంతదూరం బాగా వెళ్లి ఆగిపోతోంది, కాసేపటికి మళ్లీ స్టార్టవుతోంది

జనం ఎక్కువగా తప్పుదారి పట్టేది ఇక్కడే. కార్బొరేటర్ రెండుసార్లు విప్పించి, డబ్బులు పోగొట్టుకుని, అసలు కారణం తెలియక తిరుగుతుంటారు. కారణాలు ముఖ్యంగా రెండు, బండి ఆగిన ఆ నిమిషంలోనే వాటిని విడదీయొచ్చు.

ఆగిన వెంటనే ట్యాంక్ మూత తెరవండి. ‘స్‌స్’మని గాలి లోపలికి పీల్చుకుని, ఆ తర్వాత బండి మామూలుగా స్టార్టయితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. పెట్రోల్ దిగేకొద్దీ పైనుంచి గాలి వెళ్లకపోతే లోపల వాక్యూమ్ ఏర్పడి ధార సన్నబడుతుంది. మూత మీదికంతా బిగుతుగా వచ్చే ట్యాంక్ కవర్ల వల్ల కూడా ఇలా జరుగుతుంది. మూత శుభ్రం చేసి, ఆ కవర్ తీసి చూడండి.

మూత తీసినా మార్పు లేకపోతే అప్పుడే, ఇంజన్ ఇంకా వేడిగా ఉండగానే, స్పార్క్ చూడాలి. వేడి ప్లగ్ విప్పితే అల్యూమినియం హెడ్‌లో మరలు చెడే ప్రమాదముంది. అందుకే ఇంట్లో ఒక పాత ప్లగ్ ఉంటే డిక్కీలో పడేసుకోండి. ఇంజన్ ప్లగ్‌ను కదపకుండా, క్యాప్ తీసి పాత ప్లగ్‌కు తగిలించి, దాని ఇనుప భాగాన్ని ఇంజన్‌కు ఆనించి, క్యాప్ రబ్బరు పట్టుకుని కిక్ కొట్టించండి. దగ్గర్లో పెట్రోల్ కారుతుంటే మాత్రం ఈ పరీక్ష జోలికి పోవద్దు. నీలంగా టక్కున పడితే స్పార్క్ బాగున్నట్టే, గొడవ పెట్రోల్ వైపు. అసలు పడకపోయినా, ఎర్రగా బలహీనంగా పడినా, చల్లారాక మళ్లీ బాగా పడితే, స్పార్క్ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ గానీ, ఎప్పుడు పుట్టించాలో దానికి సంకేతమిచ్చే పల్సర్ కాయిల్ గానీ వేడికి చేతులెత్తేస్తోంది. మెకానిక్‌కు ‘వేడెక్కాక స్పార్క్ పోతోంది’ అని చెప్పండి. ‘బండి ఆగిపోతోంది’ అంటే మళ్లీ కార్బొరేటరే విప్పుతాడు.

స్లోలో (యాక్సిలరేటర్ తిప్పకుండా ఉన్నప్పుడు) ఆగిపోతోంది, రేజ్ చేస్తే బాగుంది

స్లోలో పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రం, అంటే స్లో జెట్‌లో చెత్త. కార్బొరేటర్ విప్పించాల్సిన అసలు కేసు ఇదే. జెట్‌ను గాలితో ఊదించాలి, ఇనుప తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. దీనికి ముందు చౌక్ (చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయడానికి లాగే పిడి) పూర్తిగా వెనక్కి వచ్చిందో లేదో చూడండి. పిల్లలు ఆడుతూ చౌక్ లాగి వదిలేయడం కొత్తేం కాదు.

స్లోలో బాగుండి, స్పీడు పెంచితే గుంజుతుంటే మెయిన్ జెట్ (స్పీడులో పెట్రోల్ వెళ్లే రంధ్రం), ఎయిర్ ఫిల్టర్, పెట్రోల్ కాక్ (ట్యాంక్ కింది కుళాయి) చూడాలి. ఫిల్టర్ బాక్స్ తెరిస్తే ఎలుకలు పోగేసిన గుడ్డపేలికలు దొరకొచ్చు, నిలిపి ఉంచిన బళ్లలో మరీ ఎక్కువ. నూనె పూసిన కాగితం ఫిల్టర్‌ను గాలితో ఊది మళ్లీ పెట్టొద్దు, మార్చేయాలి. కార్బొరేటర్‌కు, ఇంజన్‌కు మధ్య ఉండే రబ్బరు పగిలితే స్లోలో ఇంజన్ వేగం ఎక్కువైపోయి, యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపలు వినిపిస్తాయి.

ఎటూ తేలకపోతే, చల్లారాక ప్లగ్ విప్పి దాని ముక్కు చూడండి. లేత గోధుమ రంగు ఉంటే అంతా బాగున్నట్టు. నల్లటి పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ లేదా గాలి తక్కువ. తెల్లగా కాలినట్టుంటే గాలి ఎక్కువ, అలాగే తిప్పితే ఇంజన్‌కు దెబ్బ. తడిగా పెట్రోల్ వాసన కొడితే పెట్రోల్ వస్తోంది, మంట అంటుకోవట్లేదు. నూనె జిడ్డు ఉంటే మాత్రం, అప్పుడు రింగుల మాట ఎత్తొచ్చు. బిగించేటప్పుడు చేత్తో చివరిదాకా తిప్పాకే పానా వాడాలి.

ఇంజన్ అరుస్తోంది, బండి కదలట్లేదు

క్లచ్ జారుతోంది. ముందు క్లచ్ లివర్‌కు కాస్త ఆట ఉందో లేదో చూడండి, కేబుల్ మరీ బిగుతుగా ఉన్నా జారుతుంది. ఆయిల్ మార్చిన వెంటనే మొదలైతే డబ్బా మీద ‘జాసో ఎంఏ’ (బైకు క్లచ్‌కు పనికొచ్చే ఆయిల్ అనే గుర్తు) అని ఉందేమో చూడండి. కారు ఆయిల్ పోస్తే అందులోని జారుడు పదార్థాల వల్ల బండి క్లచ్ ప్లేట్లు పట్టు కోల్పోవచ్చు. ఇంజన్ మామూలుగానే ఉండి బండి బరువుగా లాగుతుంటే మెయిన్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరగకపోతే బ్రేక్ పట్టేసి ఉంది, లేదా చైన్ మరీ బిగించేశారు.

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి అయితే

తాళం ఆన్ చేయగానే ట్యాంక్ దగ్గర ఒకటి రెండు సెకన్లు ‘జుయ్’మని పంపు శబ్దం వినపడాలి. రాకపోతే కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజన్ ఆపే స్విచ్), ఫ్యూజ్, బ్యాటరీ ఆ వరుసలో చూడండి. బ్యాటరీ బలహీనపడితే ఈ బళ్లు కార్బొరేటర్ బళ్ల కంటే ముందే ఇబ్బంది పెడతాయి. ఇంజన్ ఆపినప్పుడు 12.6 వోల్టుల దగ్గర, నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. గేరు వేయగానే ఆగిపోతే సైడ్ స్టాండ్ స్విచ్‌లో బురద చేరిందేమో కడిగి చూడండి. బండి కింద పడి లేచాక స్టార్టవకపోతే తాళం ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి, కొన్ని మోడళ్లలో వంపు సెన్సర్ ఇంజన్‌ను ఆపేసి ఉంచుతుంది. నడుస్తుండగా ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు లైటు వెలిగితే స్కానర్ ఉన్న చోటికే తీసుకెళ్లండి. బ్యాటరీ వైరు తీసి పెట్టి లైటు ఆర్పేస్తే కొన్ని బళ్లలో లోపం కోడ్ కూడా చెరిగిపోయి, మెకానిక్ మళ్లీ మొదటినుంచి వెతుక్కోవాల్సి వస్తుంది.