పెద్ద ఆర్‌సీ (రేడియో కంట్రోల్) విమానం, 6వ పాఠం: సీజీ గుర్తు మళ్ళీ మొదటి నుంచి

పోయిన పాఠంలో నాలుగో వంతు స్కేలు పైపర్ కబ్ విమానానికి సీజీ గుర్తు, అంటే ముందు వెనకల బరువు సమంగా తూగాల్సిన చోటు, పెట్టాం. రెక్క వెడల్పు (ముందు అంచు నుంచి వెనక అంచు దాకా) 400 మిల్లీమీటర్లు, అందులో 28 శాతం అంటే ముందు అంచు నుంచి 112. అది చదివి ఇద్దరు తమ ఏరోబాటిక్ విమానాలకూ అదే లెక్క వేశారు. ఒకాయన విమానం నేల వదలగానే ముక్కు పైకెత్తింది. ముక్కు దించడానికి డౌన్ ఎలివేటర్ పూర్తిగా ఇచ్చినా దిగలేదు, ఎడమ రెక్క వాల్చి పడిపోయింది. ఊడిపోయిన ఫైర్‌వాల్ (ఇంజన్ బిగించే పలక) ఫోటో చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొస గుండ్రం వదిలేస్తే కబ్ రెక్క అంతటా ఒకే వెడల్పు. ఆ ముక్క నేను రాయలేదు. అందుకని సర్వోల పాఠం ఆపి మళ్ళీ ఇదే చెబుతున్నాను.

రెక్క ట్యూబు దూర్చడం, బోల్టులకు థ్రెడ్‌లాకర్ పెట్టడం మీకు వచ్చు. వాటి జోలికి పోను.

28 శాతం అంటే దేనిలో? మొదలు (విమానానికి అతికే చోటు) దగ్గరి వెడల్పులో కాదు, సగటు వెడల్పులో. ఇది రెండు చివరల మామూలు సగటు కాదు, ఏరోడైనమిక్ సగటు (ఎంఏసీ). కూలిన ఆయన విమానం రెక్క మొదట్లో 480, కొసలో 240, ఒక పక్క పొడవు 1200. ముందు అంచు తిన్నగా ఉంది, వెనక అంచే లోపలికి వచ్చింది. ఆయన 480లో 28 శాతం తీసి 134 దగ్గర గీత గీశారు. ఆ రెక్క సగటు వెడల్పు 373, గీత ఉండాల్సింది 104 దగ్గర. ముప్ఫై మిల్లీమీటర్లు వెనక్కి పోయింది. సగటు వెడల్పులో చూస్తే 36 శాతం. ముందు అంచు బాగా వెనక్కి వాలిన రెక్కకైతే ఇదే తప్పు గీతను ముందుకు తెస్తుంది, ముక్కు బరువై విమానం బతికిపోతుంది. అందుకే చాలామందికి ఈ తప్పు ఏళ్ళ తరబడి తెలియదు.

సూత్రం కన్నా నాకు పాత పేపర్లే ఇష్టం. పేపర్లు అతికించి నేల మీద పరిచి, రెక్క పెట్టి చుట్టూ పెన్సిల్ గీయండి. మొదలు గీతను వెనక్కి కొస వెడల్పంత, కొస గీతను ముందుకి మొదలు వెడల్పంత పొడిగించండి. ఆ రెండు చివరలకూ దారం లాగండి. మొదలు, కొస వెడల్పుల మధ్య బిందువులను కలుపుతూ ఇంకో దారం. రెండూ దాటుకున్న చోట రెక్క వెడల్పే సగటు వెడల్పు. పై రెక్కకి అది మొదలు నుంచి 533 దగ్గర వస్తుంది. 28 శాతం కొలవాల్సింది అక్కడి ముందు అంచు నుంచి. ఆ గీతను విమానం పొడవుకు అడ్డంగా, తిన్నగా మొదలు దాకా తెచ్చుకోండి.

ఇక బరువు. సీసం చేతిలోకి తీసుకునే ముందు బ్యాటరీ జరపండి. 9 కిలోల విమానం 30 మిల్లీమీటర్లు వెనక ఉంటే, 500 గ్రాముల బ్యాటరీని 300 ముందుకు జరిపితే సగం పైన సరిపోతుంది. మిగతాదానికి సీజీకి 600 ముందు 200 గ్రాముల సీసం చాలు. బ్యాటరీ కదపకపోతే 450 గ్రాములు కావాలి.

తూచేటప్పుడు, అంటే విమానం ఎక్కడ ఆనిస్తే సమంగా నిలుస్తుందో చూసేటప్పుడు, ట్యాంకు ఖాళీగా ఉండాలి. 500 మిల్లీలీటర్ల పెట్రోలు 370 గ్రాములు. ట్యాంకు సీజీకి 250 ముందుంటే నిండుగా ఉన్నప్పుడు సీజీ 10 మిల్లీమీటర్లు ముందుకొస్తుంది. అలా తూచి ఎగరేస్తే దిగే వేళకి తోక బరువై ఉంటుంది. రెక్క పొట్ట కింది వైపు ఉండే (లో వింగ్) విమానాన్ని తలకిందులుగా పెట్టి తూచండి. ఇంత బరువును వేళ్ళ మీద ఆనించొద్దు, ఇద్దరు పట్టుకోండి. పక్క బరువు కూడా చూడండి: స్పిన్నర్ (ప్రొపెల్లర్ మధ్య టోపీ), తోక పట్టుకుని లేపితే ఏ రెక్క వాలుతుందో దాని ఎదుటి కొసలో బరువు పెట్టాలి.

అభ్యాసం: మీ రెక్కకి పేపరు మీద సగటు వెడల్పు కనుక్కోండి. విమానం పూర్తిగా విప్పి, మళ్ళీ బిగించి, మూడుసార్లు తూచి మాస్కింగ్ టేపు మీద రాసుకోండి. మూడింటిలో తేడా 3 మిల్లీమీటర్లు దాటితే బ్యాటరీ పట్టీ వదులుగా ఉందేమో చూసి, మళ్ళీ మూడుసార్లు. తూగిన చోటు 28 శాతం గీత కన్నా వెనక ఉంటే ఇంజన్ స్టార్ట్ చేయకండి.