డెవలప్‌మెంట్‌కి ఇచ్చిన స్థలం గొడవలో బిల్డర్‌తో రాజీకి కూర్చుంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

హైదరాబాద్‌లో పాత ఇల్లు కూల్చి స్థలం బిల్డర్‌కి ఇచ్చినవాళ్లలో చాలామందికి గొడవ ఇక్కడే మొదలవుతుంది. అగ్రిమెంట్‌లో రాసుకున్నది ఒకటి, మున్సిపాలిటీ ఆమోదించిన ప్లాన్‌లో ఉన్నది ఇంకొకటి, చివరికి కట్టింది మూడోది. సెట్‌బ్యాక్ (బిల్డింగ్ చుట్టూ వదలాల్సిన ఖాళీ) తగ్గించేసి ఉంటాడు, పార్కింగ్‌లో ఒక గది లేపి ఉంటాడు, ప్లాన్‌లో లేని పెంట్‌హౌస్ వేసి "అందులో సగం మీదే కదండీ" అంటాడు. ఓసీ (బిల్డింగ్‌లో ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) రాదు, మీ వాటా ఫ్లాట్లు చేతికి రావు. ఇలాంటప్పుడు ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగే కంటే కన్సీలియేటర్ (ఇద్దరికీ మధ్య రాజీ కుదిర్చే వ్యక్తి) ముందు కూర్చుని తేల్చుకోవడమే మేలని గట్టిగా నమ్ముతాను. కాకపోతే ఒక్క సంగతి మాత్రం మర్చిపోవద్దు. రాజీలో డబ్బు, ఫ్లాట్లు, గడువు ఎలా కావాలంటే అలా పంచుకోవచ్చు గానీ, ప్లాన్‌కి విరుద్ధంగా కట్టినదాన్ని మీ ఇద్దరి సంతకాలు సక్రమం చెయ్యలేవు.

అందుకే ముందు ఆమోదించిన ప్లాన్ కాపీ సంపాదించి, బిల్డర్ మనిషి కాని ఇంజినీరుతో బిల్డింగ్ అంతా కొలిపించండి. ఏది జరిమానా కట్టి సర్దుకోవచ్చు, ఏది కూల్చాల్సిందే అన్నది ఆయనతోనే రాయించుకోండి. 2012 నాటి జీవో 168 ప్రకారం పక్క, వెనుక సెట్‌బ్యాక్‌లలో 10 శాతం లోపు తేడా అయితే జరిమానాతో ఓసీ ఇచ్చే వీలుంది, ప్లాన్‌లో లేని అంతస్తుకి ఆ వెసులుబాటు లేదు. ఆ పెంట్‌హౌస్‌లో సగం మీదే అని సంబరపడి సంతకం పెట్టారంటే రేపు నోటీసులో మీ పేరు కూడా ఉంటుంది. పైగా ప్లాన్ ఇచ్చేటప్పుడే నిర్మాణంలో 10 శాతం మున్సిపాలిటీ తన దగ్గర తనఖా పెట్టించుకుంటుంది, ఓసీ వచ్చాకే వదులుతుంది. ఆ తనఖాలో ఉన్న ఫ్లాట్లు ఎవరి వాటాలో పడ్డాయో చూసుకోండి, ఇది చాలామంది అడగనే అడగరు. ఓసీ చూశాకే బ్యాంకులు లోన్లు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో గట్టిగా చెప్పింది కాబట్టి, ఓసీ లేని ఫ్లాట్ ఎన్ని చదరపు అడుగులైనా అమ్ముకోవడం కష్టమే.

కూర్చోబోయే వారంలోనే కొత్తగా ఈసీ (ఆస్తి మీద ఉన్న రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయండి. బిల్డర్ చేతిలో మీరిచ్చిన జీపీఏ (మీ తరఫున సంతకాలు పెట్టే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఉంది, ఈలోగా ఏ ఫ్లాట్ ఎవరికి రాసిచ్చాడో, దేని మీద లోన్ తెచ్చాడో అందులో చాలావరకు బయటపడుతుంది. ఇప్పటికే కొనుక్కున్నవాళ్లు ఉంటే మీ రాజీ వాళ్ల నెత్తిన పడకూడదు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ప్లాన్‌లో పెద్ద మార్పులు చెయ్యడానికి లేదు. మీరూ బిల్డరూ ఒప్పుకున్నారు కదా అంటే చెల్లదు.

మొదటి అగ్రిమెంట్ మీద సంతకం పెట్టిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ ఈ రాజీ మీద కూడా సంతకం పెట్టాలి. అమెరికాలో ఉన్న చెల్లెలు ఫోన్‌లో సరే అంటే సరిపోదు. అక్కడి మన కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపాలి, అది ఇక్కడికి చేరిన 3 నెలల్లో స్టాంపు వేయించాలి. దీనికి టైం పడుతుంది, తేదీ ఖాయం చేసుకునే ముందే మొదలుపెట్టండి.

ఇక రాజీకి కూర్చున్న గదిలో. రాజీ చర్చల్లో మీరు ఎంతకి దిగుతానన్నారో తర్వాత కోర్టులో మీ మీద సాక్ష్యంగా వాడటానికి వీల్లేదని 1996 నాటి ఆర్బిట్రేషన్ అండ్ కన్సీలియేషన్ చట్టంలోనే ఉంది, అందుకని మరీ బిగుసుకుపోకండి, మనసులో ఉన్నది చెప్పండి. అయితే మీ ఆఖరి లెక్క మాత్రం కన్సీలియేటర్ విడిగా కూర్చోబెట్టినప్పుడే, ఇది అవతలివాళ్లకి చెప్పొద్దని అడిగి మరీ చెప్పండి. ఫోన్‌లో రికార్డు చెయ్యొద్దు, 2023 మీడియేషన్ చట్టం ఆడియో, వీడియో రికార్డింగ్ వద్దంటోంది. సాయంత్రానికి అందరూ అలసిపోయాక "ఇప్పుడే సంతకం పెట్టేద్దాం" అంటారు, అక్కడ ఆగండి. ముసాయిదా ఇంటికి తెచ్చుకుని మీ లాయర్‌కి చూపించండి. ఎందుకంటే కన్సీలియేటర్ ముందు సంతకమైన ఒప్పందానికి ఆర్బిట్రేషన్ అవార్డుతో (మధ్యవర్తి ఇచ్చే, ఇద్దరూ కట్టుబడాల్సిన తీర్పుతో) సమానమైన బలం ఉంటుంది, లోక్ అదాలత్‌లో అయితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు కూడా లేదు.

ముసాయిదాలో "త్వరలో పూర్తి చేస్తాను" లాంటి మాటలు వదలొద్దు. ఫ్లాట్ నంబర్లు, పార్కింగ్ నంబర్లు, ఏ తేదీకి ఓసీ, అది దాటితే నెలకి ఎంత అద్దె, అక్రమ భాగం ఎవరి ఖర్చుతో తీసేస్తారు, జీఎస్టీ, జరిమానా ఎవరు కడతారు, అన్నీ రాయించండి. అసలు బిల్డర్ తేదీ తప్పితే ఏం చెయ్యాలో రాయని రాజీ, నా లెక్కలో, సంతకం పెట్టదగ్గది కాదు. అతని వాటాలోంచి రెండు ఫ్లాట్లు ఓసీ వచ్చేదాకా అమ్మకుండా ఆపి ఉంచమని అడగండి, ఇది చెక్కుల కంటే బాగా పనిచేస్తుంది.

ఇంకోటి, లిమిటేషన్. అగ్రిమెంట్ అమలు చేయించమని దావా వేయడానికి ఉండేది 3 ఏళ్లే. కాలనీ పెద్దమనుషుల దగ్గర ఊరికే మాట్లాడుకుంటూ గడిపిన నెలలు అందులోంచి తీసెయ్యరు. అందుకే రాజీ మాటలు నడుస్తుండగానే లాయర్‌తో తేదీలు లెక్క వేయించుకోండి, కుదరకపోతే వెంటనే కదిలేలా ఉండాలి. కన్స్యూమర్ కమిషన్ దారి కూడా ఉంది, డెవలప్‌మెంట్‌కి స్థలం ఇచ్చిన యజమాని కూడా వినియోగదారుడు కావచ్చని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది.

రాజీ కుదిరి వాటాలు మారితే దాన్ని సప్లిమెంటరీ డీడ్‌గా (మొదటి అగ్రిమెంట్‌కి అనుబంధ పత్రంగా) సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించండి, నోటరీతో సరిపెట్టుకోవద్దు. ఆ తర్వాత మళ్లీ ఒకసారి ఈసీ తీసి, కొత్త డీడ్ అందులోకి ఎక్కిందో లేదో, ఫ్లాట్ నంబర్లు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోండి.