నెట్ లేని చోట జీపీఎస్ పనిచేస్తుందా? పరికరం కొనేముందు తెలియాల్సినవి

"కొండల్లోకి వెళ్తే సిగ్నల్ ఉండదు కదా, ఇంక జీపీఎస్ ఎలా పనిచేస్తుంది?" అని చాలామంది అడుగుతుంటారు. ఈ ఒక్క అనుమానం తీరితే ఏ పరికరం కొనాలన్నది సగం తేలిపోయినట్టే.

ఫోన్‌లో ఉన్న జీపీఎస్ రిసీవర్ వింటుందంతే, ఉపగ్రహానికి తిరిగి ఏమీ పంపదు. రేడియో వినడానికి నెట్ ఎలా అక్కర్లేదో దీనికీ అంతే, సిమ్ తీసేసినా మీరు ఎక్కడున్నారో కనుక్కుంటుంది. నెట్ కావాల్సింది మ్యాప్ కోసం. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోకుండా బయల్దేరితే తెల్లటి స్క్రీన్ మీద నీలి చుక్క ఒక్కటే కనిపిస్తుంది, దాంతో ఏం చేసుకుంటాం?

ఇక పనిచేసే తీరు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు, నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైమ్ ఇంత అని ఆగకుండా చెబుతూనే ఉంటాయి. ఆ మాట మన దాకా రావడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు, కానీ ఎంత పట్టిందో లెక్కేస్తే ఆ ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మన చోటు తెలిసిపోవాలి నిజానికి. చిక్కంతా గడియారంతోనే. ఉపగ్రహంలో ఉండేది అణు గడియారం, మన ఫోన్‌లో ఉండేది మామూలు క్వార్ట్జ్, అది ఒక్క మైక్రోసెకను తప్పినా దూరం 300 మీటర్లు తేడా వస్తుంది. అందుకే నాలుగో ఉపగ్రహం కావాలి, దాని సాయంతో రిసీవర్ తన గడియారం ఎంత తప్పుందో కూడా లెక్కగట్టి సరిచేసుకుంటుంది. అన్నట్టు, సాపేక్ష సిద్ధాంతం ప్రకారం పైనున్న గడియారాలు రోజుకు దాదాపు 38 మైక్రోసెకన్లు ముందుకు జరుగుతాయి, దాన్ని కూడా లెక్కలోకి తీసుకోబట్టే ఇదంతా నడుస్తోంది.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఎందుకంత ఆలస్యం అంటే, ఒక్కో ఉపగ్రహం తన కక్ష్య వివరాలు పంపడానికి 30 సెకన్లు పడుతుంది, మొత్తం ఉపగ్రహాల జాబితా అందాలంటే 12.5 నిమిషాలు. నెట్ ఉంటే ఫోన్ ఈ వివరాలు అక్కడినుంచే చటుక్కున తెచ్చుకుంటుంది. నేను ఒకసారి దట్టమైన చెట్ల కింద నిలబడి, పరికరం పాడైందని విసుక్కుంటూ అరగంట తిట్టుకున్నాను. ఆకాశం కనిపించే చోటికి నాలుగడుగులు వేస్తే అయిపోయేది! బయల్దేరే ముందే ఆరుబయట ఒకసారి లొకేషన్ పట్టనివ్వండి.

ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ కూడా 5 మీటర్లు అటూ ఇటూగా చూపిస్తుంది. ఎత్తైన భవనాల మధ్య మాత్రం సిగ్నల్ గోడలకు కొట్టుకుని చుట్టు తిరిగి వస్తుంది కాబట్టి మీరు పక్క వీధిలో ఉన్నట్టు చూపిస్తుంది. దీనికి ఎల్1, ఎల్5 అనే రెండు ఫ్రీక్వెన్సీలూ అందుకునే పరికరం మేలు. జీపీఎస్‌తో పాటు అలాంటివే అయిన రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బేడౌ అన్నీ ఉన్నాయని డబ్బా మీద గొప్పగా రాస్తారు గానీ ఇప్పుడు చాలా ఫోన్లలో అవి ఉంటున్నాయి. నేనైతే ఎల్5 ఉందా లేదా అనేదే చూస్తాను.

కారులో, ఊళ్లో తిరగడానికి వేరే పరికరం దండగ. ఫోన్, గట్టి హోల్డర్, ఛార్జర్ చాలు. పరుగుకీ సైకిల్‌కీ వాచ్ బాగుంటుంది, కాకపోతే బ్యాటరీ ఎన్ని రోజులు వస్తుందని కాకుండా జీపీఎస్ ఆన్‌లో ఉంటే ఎన్ని గంటలు వస్తుందో చూడండి, ఆ రెండు అంకెలకీ పొంతనే ఉండదు.

రోజుల తరబడి అడవిలో నడిచేవాళ్లకే చేతిలో పట్టుకునే ప్రత్యేక పరికరం అవసరం. బటన్లు ఉన్నది తీసుకోండి, వానలో టచ్ స్క్రీన్ మాట వినదు. మార్చుకోగలిగే బ్యాటరీలు ఉండాలి. ఐపీఎక్స్7 అని ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట పడున్నా తట్టుకుంటుందని అర్థం. ఉపగ్రహాలన్నీ మనకు పైనే ఉంటాయి, కింద ఒక్కటీ ఉండదు, అందుకే ఎత్తు లెక్కలో తప్పు ఎక్కువగా వస్తుంది. కొండలెక్కేవాళ్లకు, గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చెప్పే బారోమీటర్ ఉండాలనేది ఇందుకే. దిక్సూచి కూడా ఉండాలి, ఎందుకంటే కదలకుండా నిలబడితే మీరు ఎటు తిరిగి ఉన్నారో జీపీఎస్‌కి తెలియదు.

నెట్‌వర్క్ లేని చోటినుంచి సాయం కోసం మెసేజ్ పంపాలంటే మాత్రం వీటిలో చాలావరకు పనికిరావు, ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే సౌకర్యం కొన్ని ఫోన్లలో, వాచ్‌లలోనే ఉంటుంది, లేదంటే దానికోసమే చేసిన శాటిలైట్ మెసెంజర్ అనే పరికరం వేరే ఉంటుంది. పంపేటప్పుడు మీ చోటు అంకెలు (అక్షాంశం, రేఖాంశం) ఏ పద్ధతిలో ఉన్నాయో సెట్టింగ్స్‌లో చూసుకోండి. 10.5 డిగ్రీలంటే 10 డిగ్రీల 30 నిమిషాలు. దాన్ని అవతలివాళ్లు 10 డిగ్రీల 5 నిమిషాలని చదివితే, అది అక్షాంశమైతే, మిమ్మల్ని 46 కిలోమీటర్ల అవతల వెతుకుతుంటారు.